నాన్నగారి పేరు మీద పార్కుకి డబ్బిస్తున్నారా? ముందు నీళ్ళూ, మాలి జీతం చూడండి

నాన్నగారి జ్ఞాపకంగా కాలనీ పార్కుకి 5 లక్షలు ఇద్దామనుకుంటున్నాం, దేనికి ఇస్తే బాగుంటుందని అడిగారు కదా. మొక్కలకీ బెంచీలకీ కాదండీ, నీళ్ళకీ మాలికీ ఇవ్వండి.

మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు. 2016లో ఒక పెద్దాయన మా పార్కులో 200 మొక్కలు నాటించి, గ్రిల్లు వేయించి, శిలాఫలకం కూడా పెట్టించారు. చాలా మంచి మనసు ఆయనది. కానీ మరుసటి ఎండాకాలం బోరు ఎండిపోయింది, ట్యాంకర్ డబ్బులు ఎవరివ్వాలో మేం తేల్చుకునేలోపే మొక్కలు మాడిపోయాయి, జూన్ వచ్చేసరికి 40 మిగిలాయి. నా చేత్తో నాటిన పొగడ మొక్కలు రోజూ వాకింగ్‌లో కళ్ళముందే ఎండిపోతుంటే ఎంత బాధేసిందో చెప్పలేను.

తర్వాత ఒక రిటైర్డ్ టీచరమ్మ తన పేరు ఎక్కడా వద్దని 4 లక్షలు ఇచ్చారు. సొసైటీలో పార్కు కోసం వేరే ఖాతా తెరిచి డిపాజిట్ చేశాం, నెలకి 2 వేల పైన వడ్డీ వస్తుంది, దానికి 140 ఇళ్ళవాళ్ళం ఇంటికి 50 రూపాయలు కలుపుతాం. పూటపనికి మాలి దొరికాడు. వాననీళ్ళు దిగడానికి రెండు ఇంకుడు గుంతలు తవ్వించాం. ఇప్పుడు వేపలూ కానుగలూ మనిషెత్తు దాటాయి, సాయంత్రం పిల్లలు వాటికిందే ఆడుతున్నారు.

ఇలాంటి పనే పెద్ద ఎత్తున చూడాలంటే గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల తోటకి వెళ్ళి రండి. అక్కడ 106 ఎకరాల్లో ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013 నుంచి పదేళ్ళకు పైగా పని చేసింది, టాటా ట్రస్టులు కూడా సాయం చేశాయి. సమాధులు బాగుచేసి ఊరుకోలేదు. వానలకి కూలిపోయిన బడీ బావోలితో పాటు పాత మెట్ల బావులన్నీ నిలబెట్టారు, అవి మళ్ళీ వాననీళ్ళు పట్టుకుంటున్నాయి. ఆ బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. అన్నేళ్ళ ఓపిక చూస్తే నాకైతే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇక కాగితాల సంగతి. ముందు లేఅవుట్ కాపీలో ఆ స్థలం పార్కుగానే ఉందో లేదో చూసుకోండి, జీహెచ్‌ఎంసీ పార్కైతే వాళ్ళ అర్బన్ బయోడైవర్సిటీ విభాగంతో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. డబ్బు రిజిస్టరైన సొసైటీకి చెక్కుగానే ఇవ్వండి, 2 వేలు దాటి నగదుగా ఇస్తే 80జి, అంటే విరాళాలకి ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు, రాదు. అసలు సొసైటీకి 80జి గుర్తింపు ఉండాలి, మీరూ పాత పన్ను విధానంలో ఉండాలి. ఖాతాలో డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు ఉండేలా పెట్టించండి, లేకపోతే ఎప్పుడూ టెన్షనే.

మొక్కలూ నాటాలనే ఉంటే మృగశిర వానలు పడ్డాక నాటండి. నాన్నగారికి ఏ చెట్టంటే ఇష్టమో గుర్తుంటే, గేటు పక్కన అదే పెట్టించండి.