పాత ట్రాక్టర్‌కి బోరు చేయించాలా, కొత్తది తీసుకోవాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. ఆరెకరాల సొంత పొలం. 14 ఏళ్ల కిందటి 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. కిరాయితో కలిపి ఏడాదికి 400 గంటలు తిరుగుతుంది. ఇంజిన్ బోరుకొచ్చిందని (అంటే అరిగిన లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి ఇంజిన్ బాగుచేయాలని), 90 వేలవుతుందని మెకానిక్ అంటున్నాడు. డీలరేమో పాతదానికి 2 లక్షలు కట్టి, మిగతా 6 లక్షలకు 12 శాతం వడ్డీతో లోన్ ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు తిప్పే గంటలకైతే బోరే చేయించుకోండి.

6 లక్షలు, ఐదేళ్లు, ఆర్నెల్లకో వాయిదా అంటే ఒక్కో వాయిదా దాదాపు 81,500 రూపాయలు. ఏడాదికి 1.63 లక్షలు. బండి కదిలిన ప్రతి గంటకూ 400 పైచిలుకు వాయిదాకే పోతుంది. డీజిల్, డ్రైవర్ బత్తా వేరే.

ఐదేళ్లకి కొత్త బండికి విలువ మిగులుతుంది కదా అంటారు. నిజమే. 4.5 లక్షలకు పోతుందనుకుందాం. తరుగు 3.5 లక్షలు, వడ్డీ 2.15 లక్షలు, అంటే ఏటా 1.13 లక్షలు. పాతదానికి బోరు ఖర్చు, ఏటా మరో 30 వేల రిపేర్లు, విలువలో 80 వేల తరుగు వేసుకున్నా ఏటా 64 వేలే. గంటకు అర లీటరు డీజిల్ ఎక్కువ తాగితే ఇంకో 20 వేలు కలపండి. అప్పటికీ పాతదే చవక. అదే 900 గంటలు తిప్పేవారైతే నా జవాబు మారేది.

జీఎస్టీ తగ్గింది, ఇదే అదను అని డీలర్ చెప్పే ఉంటాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్‌పై 12 శాతం కాస్తా 5 అయింది. కానీ ట్రాక్టర్ వెనక టైర్లు, కొన్ని విడిభాగాలపై కూడా 18 నుంచి 5కి దిగింది. ఆ సంగతి డీలర్ ఎందుకు చెబుతాడు!

90 వేలు చేతిలో పెట్టే ముందు పొగ రంగు చూడండి. నల్లగా వస్తుంటే ముందు ఎయిర్ క్లీనర్, డీజిల్ చిమ్మే నాజిళ్లు చూపించండి, తక్కువలో తేలిపోవచ్చు. నీలంగా వస్తూ, ఆయిల్ తగ్గిపోతూ, ఇంజిన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ గొట్టం నుంచి పొగ కొడుతుంటే మెకానిక్ మాట నమ్మొచ్చు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు ఏవేవి మారుస్తాడో రాయించుకుని, పాతవి వెనక్కి తీసుకోండి.

పాత బండితో అసలు టెన్షన్ దమ్ము రోజుల్లో, అంటే వరి నాట్లకు ముందు నీళ్లు పెట్టి పొలం కలియదున్నే రోజుల్లో. ఒక ఏడాది మా నాన్న బండికి హైడ్రాలిక్ సీలు పోయి, రోటావేటర్ పైకి లేవలేదు. కాలవ నీళ్లు వచ్చేశాయి, మెకానిక్ నాలుగు రోజులు దొరకలేదు. సీలు ఖరీదు వందల్లోనే, పక్కూరి బండికి కట్టిన కిరాయి మాత్రం వేలల్లో. అందుకే క్లచ్, హైడ్రాలిక్, బేరింగుల పని మే నెలలోనే ముగించండి. కొత్తది కొంటే వాయిదా కట్టాల్సి వచ్చేది కదా, ఆ డబ్బులోంచి ఆర్నెల్లకో 40 వేలు విడిగా పొదుపు ఖాతాలో వేయండి.

ఒకటి మర్చిపోవద్దు. వచ్చే ఏడాదితో మీ బండి ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి. గడువు దాటకముందే రవాణా ఆఫీసులో రెన్యువల్ చేయించండి, ఐదేళ్లకు ఇస్తారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తీసి తేదీ చూసుకోండి.