మార్చిలో మధ్యధరా తీరానికి వెళ్తున్నారా? ముందు ఫోన్ సంగతి చూద్దాం

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే ఊరి గురించి, ఆంటీబ్. పిల్లలు దక్షిణ ఫ్రాన్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, అమ్మానాన్నలు మార్చిలో చూడ్డానికి బయల్దేరుతున్నారు. నీస్ దగ్గర సోఫియా ఆంటిపోలిస్ అనే టెక్నాలజీ పార్కు ఉంది, 1969లో మొదలైంది. దాని పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న ఊరు ఆంటీబ్. ఎండాకాలంలో కాలు పెట్టే సందు ఉండదు. మార్చిలో మాత్రం బీచ్ రెస్టారెంట్లలో కొన్ని ఇంకా తెరవనే తెరవవు. ఇంటర్నెట్‌లో ఆ ఊరి గురించి దొరికేది ఎక్కువగా జులై, ఆగస్టు సంగతులే. ఇది గుర్తుపెట్టుకుంటే కింది జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఆంటీబ్‌లో ఉంటాడు. మార్చి 22 నుంచి రెండు వారాలు వెళ్తున్నాం. ఇక్కడి సిమ్‌కు రోమింగ్ ప్యాక్ వేయించుకోవాలా, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకునే సిమ్) కొనాలా? బ్యాంకు ఓటీపీలు రాకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. (విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

రెండూ వాడుకోండమ్మా, కానీ ఒక్కోదానికి ఒక్కో పని అప్పజెప్పండి. ఇక్కడి సిమ్ ఓటీపీల కోసం, ఈ-సిమ్ ఇంటర్నెట్ కోసం.

ముందుగా మీ ఫోన్‌లో ఈ-సిమ్ పనిచేస్తుందో లేదో చూడండి. డయలర్‌లో *#06# కొట్టండి. వచ్చే నంబర్లలో ఈఐడీ అని ఒకటి కనిపిస్తే పనిచేస్తుంది. ఈ-సిమ్ ఇన్‌స్టాల్ కావడానికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఆ పని విమానాశ్రయం దాకా వాయిదా వేయకుండా ఇంట్లో వైఫై మీదే ముగించండి. ఇక్కడి సిమ్‌కు మీ కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో మాత్రం ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్ చేసి ఉంచండి. అప్పుడు మెసేజ్‌లు వస్తాయి, ఇంటర్నెట్ బిల్లు మాత్రం పడదు. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌లకు సాధారణంగా డబ్బు తీసుకోరు. కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది, అందుకే తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ ఎత్తకండి. ఐఫోన్ అయితే మొబైల్ డేటా సెట్టింగ్స్‌లో, ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గినప్పుడు రెండో సిమ్ డేటా వాడుకునే ఆప్షన్ ఉంటుంది. దాన్ని కూడా ఆపేయండి. కొత్త సిమ్ పడగానే వాట్సాప్ నంబర్ మార్చాలా అని అడగొచ్చు, వద్దనండి. పాత నంబరుతోనే నడుస్తుంది.

ఇంకో సంగతి. ఈ-సిమ్ కొనేటప్పుడు ఫ్రాన్స్ ఒక్కటే ఉన్న ప్యాక్ కాకుండా యూరప్ మొత్తానికి పనిచేసేది తీసుకోండి. ఆంటీబ్ నుంచి నీస్, మొనాకో, మాంతోన్ మీదుగా ఇటలీ సరిహద్దు దాకా తీరం వెంబడే రైలు మార్గం ఉంది. మీ అబ్బాయి మిమ్మల్ని ఆ రైలు ఎక్కించకుండా ఉండడు. మాంతోన్‌లో ఫోన్ ఇటలీ టవర్ పట్టుకున్నా యూరప్ ప్యాక్ అయితే ఇబ్బంది లేదు. మొనాకో సంగతి వేరు. అది వేరే చిన్న దేశం, యూరోపియన్ యూనియన్‌లో లేదు, దానికి సొంత నెట్‌వర్క్ ఉంది. మీ ప్యాక్ దేశాల జాబితాలో మొనాకో పేరు విడిగా ఉందేమో చూడండి. లేకపోతే నీస్ దాటాక డేటా ఆఫ్ చేసి, తిరుగు ప్రయాణంలో ఆన్ చేయండి.

చివరిగా, టెక్నాలజీతో సంబంధం లేని సలహా ఒకటి. అబ్బాయి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఛార్జింగ్ అయిపోయినప్పుడు ఆదుకునేది ఆ కాగితమే.

ప్రశ్న: ఇక్కడి నుంచే క్యాలెండర్‌లో రైలు టైమ్‌లన్నీ ఎక్కించాను. అక్కడికి వెళ్లాక అవి మారిపోతాయని స్నేహితుడు భయపెడుతున్నాడు. నిజమేనా? (వరంగల్)

నిజమే. మీరు వరంగల్‌లో కూర్చుని ఉదయం 9:10కి రైలు అని రాస్తే, ఫోన్ దాన్ని భారత కాలమానంలో 9:10 అని గుర్తుపెట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లో దిగగానే అదే రిమైండర్ తెల్లవారుజామున 4:40కి కనిపిస్తుంది. ఈవెంట్ తెరిచి, టైమ్ దగ్గర ఉండే టైమ్ జోన్‌ను పారిస్‌కు మార్చి, మళ్లీ 9:10 అని సేవ్ చేయండి. టికెట్ మీద ముద్రించిన వేళ ఎప్పుడూ ఆ స్టేషన్ ఉన్న ఊరిదే.

మార్చి చివర్లో వెళ్లేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారం 2 నుంచి ఒక్కసారిగా 3కి వెళ్తుంది. 2026లో ఆ రోజు మార్చి 29. అంతవరకు మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా, ఆ తర్వాత మూడున్నరే. ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లో ఉంటే దానంతటదే సర్దుకుంటుంది. చేతి గడియారం, పాత కెమెరా మీరే మార్చుకోవాలి. ఇంటి దగ్గర అమ్మమ్మకు రోజూ మధ్యాహ్నం మూడున్నరకు ఫోన్ చేస్తామని మాటిచ్చి ఉంటే, 28 దాకా అక్కడ ఉదయం 11కి, 29 నుంచి 12కి చేయాలి. పెద్దవాళ్లు ఫోన్ పక్కనే కూర్చుని ఎదురుచూస్తారు, కాబట్టి ఈ ఒక్కటీ తప్పకుండా రాసిపెట్టుకోండి.

బీపీ, షుగర్ మాత్రలకు అలారం పెట్టుకున్నవాళ్లకు కూడా ఇదే మాట. అక్కడ అలారం అక్కడి టైమ్‌కే మోగుతుంది. ఏ వేళకు వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే డేటా లేకుండా ఊరంతా నడిచి తిరగొచ్చా? (హైదరాబాద్)

గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ కారు దారి చూపిస్తుంది. నడక దారికి, బస్సు, రైలు వివరాలకు నెట్ కావాలి. ఆంటీబ్ పాత ఊరు కోటగోడ లోపలి సన్నటి సందులు, కారుకు పనికొచ్చే దారి అక్కడ మీకు పనికిరాదు. ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ వేసుకోండి, నెట్ లేకుండానే నడక దారి చూపిస్తుంది.

మ్యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని చూపించినంత మాత్రాన నమ్మకండి. అక్కడి పాత ఊళ్లో ప్రొవాన్స్ సంత ఉంది. కూరలు, ఆలివ్‌లు, చీజ్ అన్నీ అక్కడే. జూన్ నుంచి ఆగస్టు దాకా రోజూ ఉంటుంది, మిగతా నెలల్లో సోమవారం సెలవు. రెస్టారెంట్లయితే రివ్యూలను ‘కొత్తవి ముందు’ అని అమర్చుకుని చూడండి. గత రెండు వారాల్లో ఎవరూ ఏమీ రాయకపోతే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవడం మేలు.

ప్రశ్న: వెదర్ యాప్ 15 డిగ్రీలు, ఎండ అని చూపిస్తోంది. పిల్లలు సముద్రంలో దిగొచ్చా? (విశాఖ)

ఆ 15 గాలి ఉష్ణోగ్రత, నీటిది కాదు. మార్చిలో అక్కడి సముద్రం 13 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఏడాది మొత్తంలో బాగా చల్లగా ఉండే రోజులవే. మన విశాఖ నీళ్లను మనసులో పెట్టుకుని పిల్లల్ని దించకండి. ఇసుకలో ఆడుకోనివ్వండి, చాలు.

యాప్‌లో ఎండ బొమ్మ కంటే గాలి వేగం ముఖ్యం. ఆంటీబ్ అంచున రాళ్ల మీదుగా టీర్ ప్వాల్ అనే చక్కటి నడక దారి ఉంది, గాలి ఎక్కువైతే మూసేస్తారు. ఫ్రాన్స్ వాతావరణ శాఖ మెతెయో ఫ్రాన్స్ యాప్‌లో జిల్లాల వారీగా రంగుల్లో హెచ్చరికలు ఇస్తారు. ఆంటీబ్ ఉన్న జిల్లా పేరు ఆల్ప్-మారిటీమ్, నంబరు 06. ఆకుపచ్చ ఉంటే నిశ్చింతగా వెళ్లండి. నారింజ, ఎరుపు కనిపిస్తే ఆ రోజు పాత ఊళ్లో పికాసో మ్యూజియం చూసుకోండి.

ప్రశ్న: నా ఫోన్‌కు నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 రేటింగ్ ఉంది. అలల్లో ఫొటోలు తీయొచ్చా? (కాకినాడ)

వద్దు. ఆ రేటింగ్ కోసం పరీక్ష మంచినీళ్లలో చేసేది, ఉప్పునీళ్లలో కాదు. పొరపాటున తడిస్తే మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు వదిలించి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టకండి. బియ్యం డబ్బాలో పెట్టడం మానేయండి, ఆ పొడి రంధ్రంలోకి పోతుంది.

ప్రశ్న: అక్కడ ఫోన్‌పే పనిచేస్తుందా? ప్లగ్ సరిపోతుందా? (గుంటూరు)

ఫ్రాన్స్‌లో యూపీఐ 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ దగ్గర మొదలైంది. ఆంటీబ్ దుకాణాల్లో దాని మీద ఆధారపడకండి, కార్డు పట్టుకెళ్లండి. మన కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేయండి. మెషీన్ ‘యూరోలా, రూపాయలా’ అని అడిగితే యూరోలనే ఎంచుకోండి, రూపాయలంటే మారకం రేటులో నష్టపోతారు.

కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు. ఫోన్ ఛార్జర్‌కు ఉండే సన్నటి రెండు పిన్నుల ప్లగ్ అక్కడ నేరుగా సరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు మూడు పిన్నుల ప్లగ్ ఉంటే అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సామానులో వేయకండి, చేతి బ్యాగులోనే ఉండాలి.