చెక్క స్నేరా, మెటల్ స్నేరా? కడప బండల హాల్లో నాకు ఎదురైంది చెప్తాను

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో మందిరంలో వాయిస్తున్నావు, డ్రమ్ సెట్టుతో పాటు వచ్చిన చెక్క స్నేర్ (అడుగున వైర్లుండే చిన్న డ్రమ్ము) ఖాళీ డబ్బా కొట్టినట్టు మోగుతోంది, పన్నెండు వేలు కూడబెట్టావు, స్టీల్ స్నేర్ కొంటే ఆ పదునైన "టప్" శబ్దం వస్తుందా అని అడిగావు. నా జవాబు ముందే చెప్పేస్తా: ఆ డబ్బు ఇప్పుడే తీయొద్దు. ముందు స్కిన్లు (డ్రమ్ముకు పైనా కిందా బిగించే పొరలు) మార్చు, శృతి సరిగ్గా చెయ్యి, ఆ తర్వాత నువ్వు ఎక్కువగా వాయించే తావు ఎలాంటిదో చూసి చెక్కా లోహమా తేల్చుకో. కడపలో పదహారేళ్లుగా వాయిస్తున్నాను, ఆదివారాలు ఆరాధనలో, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాతో. నువ్వు చేయబోతున్న పని నేను ఒకసారి చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

నా మొదటి స్నేర్ కూడా నీలాగే సెట్టుతో వచ్చిందే, పాప్లర్ చెక్కది. దానితో విసిగిపోయి 14 అంగుళాల వెడల్పు, 6.5 అంగుళాల లోతు ఉన్న స్టీల్ స్నేర్ తెచ్చుకున్నాను. తెచ్చిన వారం ఆదివారమే మందిరంలో బిగించాను. మా హాలు ఎలా ఉంటుందంటే, కింద పాలిష్ పట్టిన కడప బండలు, మూడు పక్కలా సున్నం కొట్టిన సిమెంటు గోడలు, పైన రేకులు. మొదటి పాట పల్లవి కూడా అయిపోలేదు, వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ అరచేయి చెవికి అడ్డం పెట్టుకుంది. పాడే అక్క నా వైపు తిరిగి కళ్లతోనే తగ్గించమంటోంది. మిక్సర్ దగ్గర కూర్చున్న తమ్ముడు స్నేర్ మైకు పూర్తిగా దించేశాడు, అయినా లాభం లేదు, ఎందుకంటే ఆ మోత మైకుది కాదు, బండల మీద పడి రేకులకు తగిలి మళ్లీ కిందికి వస్తున్న మోత. ఆరాధన అయ్యాక పాస్టరు గారు భుజం మీద చెయ్యి వేసి "నాయనా, ఈరోజు పాటలో మాటలు వినపడలేదు" అన్నారు. కోపంగా అనలేదు, కానీ ఆ రోజు నేను అన్నం సరిగా తినలేకపోయాను. ఆరాధనలో మాట వినపడకపోతే నేను వాయించి ఏం ప్రయోజనం?

అదే వారం గురువారం జమ్మలమడుగులో పెళ్లి. ఊరి బయట మైదానం, షామియానా, పక్కనే రిథమ్ ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), కీబోర్డు, పెద్ద పెద్ద బాక్సులు. అదే స్టీల్ స్నేర్ పెట్టాను. ఎంత బాగా పలికిందో! ప్రతి దెబ్బా విడివిడిగా, చివరి కుర్చీ దాకా. అంతకు ముందు అలాంటి చోట్ల నా చెక్క స్నేర్ ప్యాడ్స్ మోతలో మునిగిపోయేది, చేతులు నొప్పి పుట్టేలా కొట్టేవాణ్ణి. డ్రమ్ము అదే, స్కిన్లు అవే, కొట్టిన చెయ్యి అదే. మారింది తావు ఒక్కటే.

ఎందుకలా అవుతుందో కొంచెం చెప్తా. స్నేర్‌కు పైన మందపు స్కిన్, కింద చాలా పలుచని స్కిన్, దాన్ని ఆనుకుని సన్నటి వైర్లు, సాధారణంగా ఇరవై ఉంటాయి. పైన కొడితే లోపలి గాలి కింది స్కిన్‌ను తోస్తుంది, అది వైర్లను కదిలిస్తుంది, ఆ "చర్" అనే శబ్దం అక్కడ పుడుతుంది. చుట్టూ ఉన్న గుండ్రటి గోడ, అంటే షెల్, ఆ శబ్దానికి రంగు వేస్తుంది. చెక్క కొంత కంపనాన్ని తనలోకి పీల్చుకుంటుంది కాబట్టి మోత త్వరగా ఆగుతుంది, శబ్దం కాస్త గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. స్టీల్ అంతగా పీల్చుకోదు, పై స్వరాలు ఎక్కువసేపు గింగురుమంటూ ఉంటాయి. బయట ఆ గింగురు గాలిలో కలిసిపోతుంది, నాలుగు గోడల మధ్య అయితే పోయే దారి లేక తిరుగుతూనే ఉంటుంది.

చెక్క అంతా ఒకటి కాదు, లోహం అంతా ఒకటి కాదు. మేపుల్ అన్ని స్వరాలనూ సమంగా ఇస్తుంది, బర్చ్‌లో దెబ్బ పదును ఎక్కువ, తక్కువ ధర సెట్లలో వచ్చే పాప్లర్ మెత్తగా ఉంటుంది కానీ మంచి స్కిన్లు వేస్తే నిజంగా బాగా పలుకుతుంది. లోహాల్లో స్టీల్ అన్నిటికన్నా పదును. ఇత్తడి కూడా గట్టిగానే మోగుతుంది కానీ అడుగున బరువు ఉంటుంది, చెవికి గుచ్చుకోదు. అల్యూమినియం ఇంకా పొడిగా, శుభ్రంగా ఆగుతుంది. లడ్విగ్ అనే డ్రమ్ కంపెనీ వాళ్ల సుప్రాఫోనిక్ అనే స్నేర్ పేరు వినే ఉంటావు, 1960ల నుంచి వస్తోంది, తళతళలాడే క్రోమ్ చూసి చాలామంది స్టీల్ అనుకుంటారు, లోపల ఉన్నది అల్యూమినియం. లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించింది అందులో 6.5 అంగుళాల లోతుది. బీటిల్స్ రింగో స్టార్ వాయించింది అదే కంపెనీ చెక్క స్నేర్. ఆ ఇద్దరిలో ఎవరి శబ్దం తక్కువని చెప్తాం? లోతు సంగతి కూడా చూసుకో: 5 అంగుళాలది చేతికి త్వరగా పలుకుతుంది, 6.5 ది లావుగా, బరువుగా పలుకుతుంది.

ఇత్తడి అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. స్టీల్ స్నేర్ తర్వాత ఇత్తడిది కొందామని పెద్ద ఊళ్లో ఒక షాపుకు వెళ్లాను. క్రోమ్ పూత ఉన్న స్నేర్ చూపించి "ఇది బ్రాస్" అన్నారు, ధర కూడా ఆ లెక్కనే తీసుకున్నారు. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి, ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం బొమ్మ తీసి షెల్‌కు ఆనించాను. టక్కున అతుక్కుంది. ఇత్తడికీ అల్యూమినియానికీ అయస్కాంతం అతకదు. షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు, చాలా రోజులు బాధపడ్డాను. కాబట్టి ఎక్కడ కొన్నా, ఎవరు చెప్పినా, జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లు. రిమ్ము (స్కిన్‌ను పట్టి ఉంచే రింగు) సాధారణంగా స్టీలే ఉంటుంది, దానికి అతుక్కుంటే కంగారుపడకు, షెల్‌కే ఆనించి చూడు. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్‌కు కూడా అతకదు, అది గుర్తుంచుకో, కానీ అతుక్కుందంటే మాత్రం అది ఇత్తడి కానే కాదు.

ఇప్పుడు నీ "ఖాళీ డబ్బా" శబ్దం సంగతి. నా అనుభవంలో అలా మోగే పది స్నేర్లలో ఎనిమిది తొమ్మిదింటికి కారణం షెల్ కాదు. సెట్టుతో వచ్చిన పాత స్కిన్ మధ్యలో గుంట పడి ఉంటుంది, లేదా కింది స్కిన్ వదులుగా ఉంటుంది, లేదా ఎవరో వైర్లను మరీ బిగించేసి ఉంటారు. స్నేర్ తిరగేసి కింది స్కిన్ వేలితో నొక్కి చూడు, మెత్తగా లోపలికి పోతే అదే రోగం. పైన ఒకే పొర ఉన్న, తెల్లగా గరుకు పూత వేసిన 10 మిల్ స్కిన్ వెయ్యి (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). కింద 3 మిల్ ఉండే స్నేర్ సైడ్ స్కిన్ అని అడిగి తీసుకో, పై స్కిన్ కింద వేయకు, వైర్లు పలకవు. ఆ పలుచనిదాన్ని స్టిక్‌తో ఎప్పుడూ కొట్టకు, చిరిగిపోతుంది.

శృతి చేసేటప్పుడు తొందరపడకు. తబలా ఆయన్ని ఎప్పుడైనా గమనించావా, పాటకు ముందు చిన్న సుత్తి పట్టుకుని అంచు చుట్టూ కొడుతూ, వేలితో మీటుతూ, అన్ని చోట్లా ఒకే స్వరం వచ్చేదాకా వదలడు. మనమూ అదే చెయ్యాలి. ముందు అన్ని లగ్గులూ (అంచు చుట్టూ స్కిన్‌ను బిగించే స్క్రూలు) వేళ్లతో తిప్పగలిగినంత బిగించు, తర్వాత కీ పెట్టి ఒకటి తిప్పితే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది తిప్పు, సగం చుట్టు, ఆ తర్వాత పావు చుట్టు. వైర్లు ఆఫ్ చేసి, ఒక్కో లగ్గు పక్కన అంచు నుంచి అంగుళం లోపల స్టిక్‌తో మెల్లగా తట్టి విను. ఒకచోట తగ్గు, ఒకచోట హెచ్చు ఉంటే సరిచెయ్యి. కింది స్కిన్ పైదాని కన్నా గట్టిగా ఉండాలి. చివర్న వైర్లు ఆన్ చేసి, మునివేళ్లతో తట్టినా "చర్" మనేంత మాత్రమే బిగించు, అంతకన్నా బిగిస్తే గొంతు పట్టేసినట్టు అవుతుంది. మొదటిసారి నాకు గంటన్నర పట్టింది, ఆ పాప్లర్ స్నేరే ఆ రోజు కొత్తదానిలా పలికింది. దాన్ని ఇప్పటికీ మందిరంలో వాయిస్తున్నాను.

మన ఎండల సంగతి మర్చిపోకు. మా పక్క వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. పెళ్లికి వెళ్తూ స్నేర్‌ను ఆటో వెనకాలో, కిటికీలు మూసిన కారులోనో వదిలేస్తే, లోహమైనా చెక్కైనా, దిగేసరికి శృతి పోయి ఉంటుంది. నీడలో పెట్టి, అరగంట ఆగి, అప్పుడు శృతి చూసుకో. చిన్నప్పుడు మా ఊళ్లో తప్పెట కొట్టే తాత జాతర మొదలయ్యే ముందు చొప్ప మంట వేసి, ఆ సెగకు తప్పెటను తిప్పుతూ తిప్పుతూ, మధ్య మధ్యలో వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. మేకతోలు బిగిసి ఖంగుమనే దాకా ఎవరు పిలిచినా లేచేవాడు కాదు. 1950ల చివర్లో ప్లాస్టిక్ స్కిన్లు వచ్చేదాకా ఈ డ్రమ్ సెట్లకూ దూడ తోలే వేసేవాళ్లు, అందుకే వానాకాలం అంటే వాళ్లకూ ఇదే తిప్పలు. ఇప్పుడు మనకు మంట అక్కర్లేదు కానీ, ఆ తాత చెవి పెట్టి విన్నంత శ్రద్ధ మాత్రం నాకు ఇంకా ఎవరిలోనూ కనపడలేదు.

ఇక సెకండ్ హ్యాండ్‌లో చూస్తానంటే, రెండు స్కిన్లూ విప్పించి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. చదునైన గ్రానైట్ వంటగట్టు మీద ఉత్త షెల్ పెట్టి, లోపల ఫోన్ టార్చ్ వేసి, లైట్లు ఆర్పు. అంచు కింద నుంచి వెలుతురు కారుతోందంటే అక్కడ అంచు అరిగింది, ఎంత శృతి చేసినా ఆ చోట నిలవదు. వైర్ల కోసం కింది అంచులో ఎదురెదురుగా రెండు చోట్ల కావాలనే కొద్దిగా పల్లం చేసి ఉంటారు, అక్కడ వెలుతురు వస్తే అది లోపం కాదు. చెక్కదైతే లగ్గు బెజ్జాల దగ్గర పగుళ్లు, పొరలు విడిపోవడం చూడు. లోహందైతే సొట్టలు చూడు. వైర్లు ఆన్ ఆఫ్ చేసే మీట ఇరవైసార్లు వేసి తీసి చూడు, జారిపోతుంటే బేరం ఆపెయ్యి.

నువ్వు వాయించేది ఎక్కువగా మందిరంలోనే అన్నావు, హాలుకు బండలు, పైన రేకులు అన్నావు. అలాంటప్పుడు నేనైతే చెక్క స్నేర్‌నే ఉంచుకుని, కొత్త స్కిన్లు, కొత్త వైర్లు వేస్తా, సెట్టు కింద మందపాటి కార్పెట్ పరుస్తా, పై స్కిన్ అంచున చిన్న గుడ్డ ముక్క టేపుతో అంటిస్తా. నీ పన్నెండు వేలలో దీనికి అయ్యేది కొంతే. రేపు పెళ్లిళ్లకు, బయట సభలకు పిలుపులు ఎక్కువైతే అప్పుడు మెటల్ కొను, దొరికితే ఇత్తడి, లేదంటే అల్యూమినియం, స్టీల్ మూడోది. మందిరానికి స్టీల్ మాత్రం తీసుకెళ్లకు, నా మాట విను.

ఇంకొక పని. స్కిన్లు మార్చాక నీ స్టిక్స్ ఇంకొకరికి ఇచ్చి కొట్టమని, నువ్వు వెళ్లి చివరి వరసలో కూర్చో. స్టూల్ మీద కూర్చున్నవాడికి వినపడేదీ, అక్కడ వినపడేదీ వేరు. ఇంతకీ నీ స్నేర్‌కు లగ్గులు ఎన్ని, ఎనిమిదా పదా, లోతు ఎంత అనేది కొలిచి రాయి, ఏ స్కిన్ ఎంత బిగించాలో అప్పుడు ఇంకొంచెం వివరంగా చెప్తాను.