స్పాంజి కడిగాక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగి, తొట్టి నీళ్లన్నీ మార్చిన మూడో రోజే చేపలు పైకి తేలుతున్నాయన్నారు కదా. నీళ్లను శుభ్రం చేసేది స్పాంజి కాదండీ, దాన్ని అంటుకుని బతికే బ్యాక్టీరియా. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, దాన్ని నైట్రోస్పైరా అనే మరో బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ ఈ బ్యాక్టీరియాను చాలావరకు చంపేసి ఉంటుంది, అందుకే అమ్మోనియా పేరుకుని చేపలు పైకొస్తూ ఉండొచ్చు. బ్యాక్టీరియా మళ్లీ నిలదొక్కుకోవడానికి 4–6 వారాలు పట్టొచ్చు.

రెండు రోజులు మేత ఆపండి. రోజూ పావు వంతు నీళ్లే మార్చండి, అదీ క్లోరిన్ విరుగుడు మందు కలిపాకే. ఎయిర్ పంపు ఆపొద్దు, ఆ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాటితే అమ్మోనియా విషం ఇంకా పెరుగుతుంది, చూసుకోండి. హైడ్రిల్లా నాచు గుప్పెడు వేస్తే అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి స్పాంజి ముక్క దొరికితే మాత్రం అంతకు మించిన మందు లేదు. ఇకపై స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.