కాన్ఫరెన్స్‌కి వెళ్లి ఊరు చూడకుండా వస్తారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్రయాణాల గురించే. కోడ్ రాసేవాళ్లు కాన్ఫరెన్సులకి బయల్దేరడం, ఆ పేరు చెప్పి ఒకట్రెండు రోజులు ఊరు చూడటం, దాని చుట్టూ డబ్బు గొడవలూ ఇంటి గొడవలూ. అందుకని ఈసారి అవే. ఉద్యోగం మారాలా వద్దా అని అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

బ్యాకెండ్ ప్రోగ్రామర్‌ని. బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్‌కి వెళ్లాలని ఎప్పట్నుంచో కోరిక. కంపెనీ సెలవిస్తుంది గానీ డబ్బివ్వదు. సొంత డబ్బుతో అంత దూరం వెళ్లడం దండగంటారా? వెళ్తే మాత్రం ఆదివారం అయిపోయాక సోమవారం కూడా ఉండి ఊరు చూసొద్దామనుకుంటున్నాను. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

దండగేం కాదు, వెళ్లండి. సోమవారం ప్లాన్ మాత్రం మార్చుకోండి, ఎందుకో కింద చెప్తాను.

ఫాస్‌డెమ్ అంటే ఓపెన్ సోర్స్ వాళ్ల, అంటే రాసిన కోడ్‌ని అందరూ చూసి వాడుకునేలా బయటపెట్టేవాళ్ల జాతర. 2000లో మొదలైంది. ఏటా జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో ఒక శని, ఆదివారాలు, బ్రస్సెల్స్‌లో యూఎల్‌బీ యూనివర్సిటీ వాళ్ల సోల్‌బోష్ క్యాంపస్‌లో జరుగుతుంది. టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, మెళ్లో బ్యాడ్జీ లేదు, గేటు దాటి లోపలికి నడవడమే. వేలమంది వస్తారు, నడిపేది వాలంటీర్లు. కాబట్టి స్టార్ హోటల్లో ఏసీ హాలూ బఫే లంచ్ అనుకుని వెళ్లకండి. పాత లెక్చర్ హాళ్లు, చెక్క బల్లలు, వానకి తడిసిన కోట్లు, కాఫీకి క్యూ. ఒక్కో గది ఒక్కో విషయానికి కేటాయిస్తారు, గది నిండగానే తలుపు మీద ‘ఫుల్’ అని కాగితం అంటిస్తారు. ఇక ఎవరినెంత బతిమాలినా లాభం లేదు, లోపల ఒకరు లేస్తేనే బయట ఒకరికి చోటు.

మొదటిసారి వెళ్లేవాళ్లు షెడ్యూల్ ముందేసుకుని గంటకో టాక్ చొప్పున ఈ బిల్డింగ్ నుంచి ఆ బిల్డింగ్‌కి పరుగులు పెడతారు. మధ్యాహ్నానికి కాళ్లు పీకేస్తాయి, సగం టాకులకి సీటే దొరకదు. నన్నడిగితే బాగా నచ్చిన గది ఒక్కటి చూసుకుని, పొద్దున్నే వెళ్లి, కదలకుండా అక్కడే కూర్చోండి. మిగతావి వదిలేయండి. దాదాపు అన్ని టాకులూ లైవ్‌లో వస్తాయి, తర్వాత వీడియోలు కూడా పెడతారు, వాటిని విశాఖలో మంచం మీద పడుకుని చూసుకోవచ్చు. మీరు వెళ్లాల్సింది స్టాళ్ల దగ్గరికి. రోజూ వాడే డేటాబేస్‌కో లైబ్రరీకో కోడ్ రాసేవాళ్లు అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు, మీకు ఆరు నెలలుగా నిద్ర పట్టనివ్వని బగ్ గురించి నేరుగా వాళ్లనే అడగొచ్చు. ఇది ఏ వీడియోలోనూ దొరకదు, ఖర్చు పెట్టేది దీనికే.

ఖర్చంటే విమానం, బస, వీసా. బెల్జియంతో సహా యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, చివరి గడువు 15 రోజుల ముందు గానీ అంతదాకా ఆగితే టెన్షన్ తప్పదు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. ఇక్కడొక చిక్కుంది. ఫాస్‌డెమ్‌కి టికెట్టే లేదు కాబట్టి ‘ఇదిగో నా రిజిస్ట్రేషన్’ అని చూపించడానికేమీ ఉండదు. అందుకని కంపెనీ ఇచ్చే సెలవు లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ గట్టిగా ఉండాలి. ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో ఒక పేజీలో మీరే శుభ్రంగా రాసి పెట్టండి.

ఇక సోమవారం సంగతి. బెల్జియంలో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం ఫాస్‌డెమ్ ముగిశాక ఉండిపోయినవాళ్లంతా మర్నాడు మూసిన తలుపుల ముందు ఫొటోలు దిగుతుంటారు. మీరు గురువారానికే దిగిపోండి, శుక్రవారం ఊరు చూడండి. జెట్‌లాగ్ కూడా ఆ రోజుతో పోతుంది. శుక్రవారం రాత్రి ఫాస్‌డెమ్ జనమంతా ఊరి నడిబొడ్డున ఉండే గ్రాండ్ ప్లాస్ అనే చౌకు దగ్గరున్న డెలీరియం కెఫేలో పోగవడం ఆనవాయితీ. 2004లో 2,004 రకాల బీర్లతో గిన్నిస్ రికార్డు కొట్టిన చోటు అది. మందు అలవాటు లేకపోయినా వెళ్లండి, కోక్ పట్టుకుని నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరు.

శుక్రవారం పగలు ఎక్కడికంటారా? అందరూ బ్రూజ్ అంటారు. రైల్లో గంట, కాలవలు, 366 మెట్ల గంటస్తంభం, బాగానే ఉంటుంది. మీరు కోడ్ రాసేవాళ్లు గనక నేను మోన్స్ పంపిస్తాను. అదీ బ్రస్సెల్స్ నుంచి రైల్లో ఇంచుమించు గంటే. అక్కడ ముండేనియమ్ అని ఒక మ్యూజియం ఉంది. పోల్ ఓట్లే, ఆన్రీ లా ఫోంతేన్ అని ఇద్దరు బెల్జియన్ లాయర్లు 1895లో ప్రపంచంలో అచ్చయిన ప్రతిదానికీ ఒక కార్డు రాసి పెట్టాలని కూర్చున్నారు. లా ఫోంతేన్‌కి 1913లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది. కార్డుల సంఖ్య పోనుపోను కోటీ ఇరవై లక్షలు దాటింది. ఏ దేశం నుంచైనా ఉత్తరం రాసి, డబ్బు కట్టి ఫలానా విషయం మీద ఏమేం ఉన్నాయని అడిగితే, వీళ్లు సొరుగులు వెతికి జవాబు పంపేవాళ్లు. సెర్చ్ ఇంజిన్ అన్నమాట, మధ్యలో తపాలా శాఖ. 1940లో జర్మన్లు వచ్చి తమ ప్రదర్శనకి చోటు కావాలని ఇదంతా ఖాళీ చేయించారు, చాలా కాగితాలు పోయాయి, ఓట్లే 1944లో చనిపోయాడు. మిగిలినది మోన్స్ చేరింది. గోడ పొడుగునా చెక్క సొరుగులు, ఒక్కోదానికి ఇత్తడి పిడి, లోపల అరచేతిలో పట్టేంత కార్డులు. ఇండెక్స్ అన్న మాట రోజుకి వందసార్లు వాడే మనం ఆ సొరుగుల ముందు కాసేపు నిలబడాల్సిందే. ఏయే రోజుల్లో, ఏ వేళల్లో తెరుస్తారో మాత్రం వాళ్ల సైట్‌లో చూసుకుని రైలెక్కండి.

మా అబ్బాయి కూడా ఫిబ్రవరిలో ఆ బ్రస్సెల్స్‌కే వెళ్తున్నాడు. ఆవకాయ, కోడి పచ్చడి, పాలకోవా, కాస్త కరివేపాకు కట్టి ఇద్దామని. ఆపుతారా? వాడు గొడ్డు మాంసం ముట్టడు, అక్కడ ఏం తింటాడో! – ఒక అమ్మ, గుంటూరు

ఆవకాయ, గోంగూర, కందిపొడి నిక్షేపంగా పంపండమ్మా. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి చెకిన్ సూట్‌కేస్‌లోనే పెట్టించండి, చేతి సంచిలో పెడితే ఇక్కడి సెక్యూరిటీ దగ్గరే సీసా ఉండిపోతుంది. కోడి పచ్చడి, పాలకోవా, నెయ్యి మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు వెంట తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకుకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఎండబెట్టి పొడి కొట్టేయండి.

తిండికి బెంగ అక్కర్లేదు, బ్రెడ్డూ పెరుగూ ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్క విషయం గట్టిగా చెప్పండి. బెల్జియం అనగానే అందరూ బంగాళాదుంప ఫ్రైలంటారు, ఫాస్‌డెమ్ క్యాంపస్‌లో కూడా ఆ బండి ముందు పెద్ద క్యూ ఉంటుంది. అక్కడ వాటిని వేయించే పాత పద్ధతి గొడ్డు కొవ్వులో. దుంపలే కదా అని తినేసి తర్వాత తెలిసి బాధపడిన మనవాళ్లు బోలెడుమంది. నూనెలో వేయించే షాపులూ ఉన్నాయి, కొనే ముందు ఒక్క మాట అడగమనండి.

మా వారు ఏటా రెండు మూడు కాన్ఫరెన్సులంటారు. ప్రతిదానికీ ముందో వెనకో ఒక రోజు కలుపుకుని తిరిగొస్తారు. అడిగితే ‘నెట్‌వర్కింగ్’ అంటారు. ఇంట్లో ఇద్దరు పిల్లలతో నేను. ఇది పనా, షికారా? – కూకట్‌పల్లి

రెండూనమ్మా. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజం మొత్తమూ చెప్పడం లేదు.

డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ల వార్షిక సదస్సు డెబ్‌కాన్‌లో వారం మధ్యలో ఒక రోజు అందరూ కలిసి షికారుకి వెళ్లడం కార్యక్రమంలోనే ఉంటుంది. ఏడాది పొడుగునా ఈమెయిళ్లలో పోట్లాడుకున్నవాళ్లు ఒకే బస్సులో పక్క పక్కన కూర్చుంటే తర్వాత పోట్లాట కాస్త మర్యాదగా ఉంటుంది. కాబట్టి ఆ రోజుకి విలువ లేదనలేను. (2023లో కొచ్చిలో జరిగిన డెబ్‌కాన్‌లో ఆ షికారు రోజునే కేరళకి చెందిన ఒక యువ డెవలపర్ నీళ్లలో మునిగి చనిపోయాడు. పడవలూ కయాక్‌లూ ఉన్న చోటికి వెళ్లేవాళ్లెవరైనా లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటపడొద్దు.)

కానీ మీ ప్రశ్న అది కాదు కదా. ఆయన ఒక రోజు కలుపుకుంటే మీకూ ఒక రోజు రావాలి. తిరిగొచ్చిన వారాంతం పిల్లలు ఆయన దగ్గర, మీరు ఎక్కడికి వెళ్తారో మీ ఇష్టం, ఫోన్ చేసి ‘చిన్నోడి సాక్సులెక్కడ’ అని అడగకూడదు. ఈ ఒప్పందం టికెట్ బుక్ చేసే ముందే కుదరాలి, వచ్చాక అయితే బట్టలుతకడంతోనే సరిపోతుంది. ఇంకో దారి, ఏడాదికొకటి అందరూ కలిసి వెళ్లేది ఎంచుకోండి. ఫాస్‌డెమ్‌లో పిల్లల కోసం వేరే వర్క్‌షాపులు పెడుతున్నారు. పిల్లల్ని అక్కడ ఆయనకి అప్పజెప్పి మీరు గ్రాండ్ ప్లాస్‌లో కాఫీ తాగండి.

బీటెక్ మూడో ఏడాది. కాన్ఫరెన్సులకి వెళ్లాలనుంది, జేబులో డబ్బు లేదు. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే, గుంపులోకి వెళ్లి మాట్లాడాలంటే భయం. – హనుమకొండ

తమ్ముడూ, డబ్బు సంగతి నువ్వనుకున్నంత కష్టం కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల సదస్సులు పైకాన్ ఇండియా, యూరోపైథాన్, ఇంకా డెబ్‌కాన్ లాంటివి అవసరం ఉన్నవాళ్లకి ఆర్థిక సాయం చేస్తాయి. డెబ్‌కాన్‌కైతే ప్రయాణం, తిండి, బస మూడింటికీ అడగొచ్చు. అప్లికేషన్లు సదస్సుకి నెలల ముందే మొదలై, చాలామందికి తెలిసేలోపే ముగుస్తాయి, అందుకే సాయం అందదు. ఒక ప్రాజెక్టులో చిన్న పనైనా, డాక్యుమెంటేషన్ సరిచేయడమైనా సరే, చేసి ఉంటే నీ అప్లికేషన్‌కి బలం. టాక్ ఇస్తే టికెట్ ఫ్రీ అని మాత్రం గుడ్డిగా నమ్మకు, పైకాన్ యూఎస్‌లో వక్తలు కూడా టికెట్ కొనుక్కోవడం ఆనవాయితీ. ముందు హైదరాబాద్ మీటప్‌లకి రా, బస్సు చార్జీతో పోతుంది. పాస్‌పోర్ట్ ఇప్పుడే తీసుకో, అవకాశం వచ్చాక అప్లై చేస్తే అది నీకోసం ఆగదు.

ఇంగ్లీషు గురించి వదిలెయ్. అక్కడ జర్మన్లు, బ్రెజిలియన్లు, జపాన్‌వాళ్లు అందరిదీ అరువు ఇంగ్లీషే. ఎరిక్ హోల్షర్ అనే ప్రోగ్రామర్ ప్రచారంలోకి తెచ్చిన ‘ప్యాక్‌మ్యాన్ రూల్’ అని ఒకటుంది. నలుగురు గుండ్రంగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఐదో మనిషి వచ్చి నిలబడటానికి, ఆ వీడియోగేమ్ బొమ్మ తెరిచిన నోరులా, ఒకచోట సందు వదలాలి. ఆ సందు కనిపిస్తే వెళ్లి నిలబడు, ఐదు నిమిషాలు విను చాలు. తర్వాత ‘మీరు దేని మీద పని చేస్తారు?’ అన్న ఒక్క ప్రశ్న అడిగితే మిగతా పావుగంట వాళ్లే మాట్లాడతారు, ప్రోగ్రామర్లతో ఉన్న సుఖం ఇదే. తెలుగువాళ్లు నలుగురు కనిపించారని రెండు రోజులూ వాళ్లతోనే ఉండిపోకు, భోజనం దగ్గర కలుసుకుంటే సరిపోతుంది.

బెంగళూరులో కాన్ఫరెన్స్‌కి ఢిల్లీ, పుణె నుంచి మా టీమ్‌వాళ్లు వస్తున్నారు. మర్నాడు ఎక్కడికైనా తీసుకెళ్లమంటున్నారు. నంది హిల్స్ అందరూ చూసేశారట. – హిందూపురం

హిందూపురం వాళ్లయి ఉండి నన్నడుగుతున్నారా! మీ ఇంటికి 15 కిలోమీటర్లలో లేపాక్షి పెట్టుకుని?

బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లుంటుంది. హైదరాబాద్ హైవే మీద బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర ఎడమకి తిరగడమే. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎండెక్కే లోపు గుళ్లో ఉంటారు. వేలాడే స్తంభం కింద నుంచి తువ్వాలు లాగడం అందరూ చేస్తారు, మీవాళ్లూ చేస్తారు, చేయనివ్వండి. తర్వాత వాళ్లని నాట్య మంటపంలో తల పైకెత్తి చూడమనండి. విజయనగర కాలం నాటి బొమ్మలు పైకప్పు నిండా ఉన్నాయి, అందులో ఆడవాళ్ల చీరల అంచుల్నే ఒక గంట చూడొచ్చు. లతామంటపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి, ఫ్రంటెండ్, అంటే తెర మీద కనిపించే భాగం, చేసేవాళ్లెవరైనా ఉంటే వాళ్లని అక్కణ్నుంచి లాక్కురావడం కష్టం. ఏకశిలా నంది గుడి లోపల కాదు, కాస్త దూరంలో రోడ్డు పక్కన వేరే ఉంది, మర్చిపోయి వెనక్కి తిరిగేయకండి.

ఆ తర్వాత మధ్యాహ్నం భోజనానికి అందరినీ మీ ఇంటికి తీసుకెళ్లండి. ఎంతమందో ముందు రోజే ఇంట్లో చెప్పండి.