కాళ్ళు లెక్కపెట్టే ముందు మీసాలు చూడండి

ప్రశ్న: ఆకుల అడుగున ఎర్రటి చుక్కల్లాంటి నల్లులు చేరాయి. భూతద్దంతో చూస్తే కొన్నిటికి ఆరు కాళ్ళు, కొన్నిటికి ఎనిమిది కనిపించాయి. రెండు రకాలు కలిసి ఉన్నాయా? ఇవి కీటకాలా, సాలీళ్ళ బంధువులా?

జవాబు: అవి రెండు రకాలే కానక్కర్లేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నల్లికి మూడు జతల కాళ్ళే ఉంటాయి. మొదటిసారి కుబుసం విడిచాక నాలుగో జత వస్తుంది. కాళ్ళ లెక్కనే నమ్ముకుంటే ఇలాగే పొరబడతాం. ముందుగా చూడాల్సింది మీసాలు, అంటే స్పర్శశృంగాలు. సాలీడు, తేలు, ఆకు మీది నల్లి, పిడుదు వంటివాటికి అవి అసలే ఉండవు. ఎదిగిన కీటకాలకు, జెర్రికి, రోకలిబండకు ఒక జత ఉంటాయి. రొయ్యకు, పీతకు రెండు జతలు. పీత మీసాలు పొట్టివి కాబట్టి రెండు కళ్ళ మధ్య వెతకాలి. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం చాలావాటికి సరిపోతుంది. అర మిల్లీమీటరు కూడా లేని నల్లికి మాత్రం సూక్ష్మదర్శిని ఉంటే మంచిది.

మీసాలు లేవని తేలాక నోటి దగ్గర చూడండి. అక్కడ ముందుగా కెలిసెరాలు అనే నోటి అవయవాల జత ఉంటుంది. సాలీడుకు విషపు కోరలు ఉండేది వీటి చివరే. వాటి వెనకాల ఉన్న జత పెడిపాల్ప్‌లు. తేలుకు పట్టకార్లలా కనిపించేవి ఇవే. వాటినీ కాళ్ళతో కలిపి లెక్కపెట్టి తేలుకు పది కాళ్ళని రాసేవాళ్ళు చాలామంది. నడిచే కాళ్ళు నాలుగు జతలే. చీమను పోలిన సాలీళ్ళది ఇంకో మాయ. అవి ముందు కాళ్ళ జతను పైకెత్తి మీసాల్లా ఆడిస్తాయి, చూసేవాళ్ళకు ఆరు కాళ్ళే ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు కళ్ళు చూడాలి. చీమకు చిన్న చిన్న కటకాలు గుదిగుచ్చిన సంయుక్తనేత్రాలు ఉంటాయి. సాలీడువి విడివిడి సాదా కళ్ళు, చాలా జాతుల్లో ఎనిమిది.

‘నల్లి’ అన్న మాట వల్ల వచ్చే నష్టం గురించి కూడా చెప్పాలి. మంచంలో కుట్టే నల్లి కీటకం. ఆకు రసం పీల్చే ఎర్రనల్లి సాలీడు వైపు జీవి. కీటకాల మందుల్లో చాలావాటికి ఎర్రనల్లి లొంగదు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం కీటకాల మందులు చల్లితే దాన్ని తినే జీవులు చచ్చిపోయి నల్లి ఇంకా పెరగవచ్చు. నల్లుల మీద పనిచేస్తుందని సీసా మీద ఉన్న మందే వాడాలి.

ప్రశ్న: జెర్రికి నిజంగా వంద కాళ్ళుంటాయా?

జవాబు: ఉండవు. ఎదిగిన జెర్రికి కాళ్ళ జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. జాతిని బట్టి 15 నుంచి 191 జతల దాకా. సరిగ్గా వంద కాళ్ళు కావాలంటే యాభై జతలుండాలి, అది సరిసంఖ్య. జెర్రికి ఖండానికి ఒక జత. మొదటి జత మాత్రం విషపు గోళ్ళుగా మారి తల కింద ముడుచుకుని ఉంటుంది, దాన్ని ఈ లెక్కలో కలపరు. రోకలిబండకు ఒక్కో ఉంగరానికి రెండు జతలు, ఎందుకంటే అక్కడ రెండు ఖండాలు ఒకటిగా అతుక్కున్నాయి. మెడ దగ్గరి ఉంగరానికి కాళ్ళు లేవు, తర్వాతి మూడింటికి ఒక్కో జతే. వెయ్యి కాళ్ళు దాటిన రోకలిబండ చాలాకాలం ఎవరికీ కనబడలేదు. 2021లో ఆస్ట్రేలియా నుంచి వర్ణించిన యూమిల్లిపెస్ పెర్సెఫొనీకి 1,306 కాళ్ళు లెక్కతేలాయి.

ప్రశ్న: చచ్చిన సాలీడు కాళ్ళు లోపలికి ఎందుకు ముడుచుకుంటాయి?

జవాబు: సాలీడు కాళ్ళలో రెండు ముఖ్యమైన కీళ్ళకు వంచే కండరాలే ఉన్నాయి, చాచేవి లేవు. శరీర ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి నెట్టి వాటిని చాస్తుంది. ప్రాణం పోతే ఆ ఒత్తిడీ పోతుంది.

ప్రశ్న: ప్రాక్టికల్స్‌లో బొద్దింకను కోసినప్పుడల్లా పేగు చిరిగిపోతోంది. గుండె ఎప్పుడూ దొరకదు. తప్పెక్కడ?

జవాబు: కత్తెర మొన కిందికి దిగుతోంది. రెక్కలు, కాళ్ళు తీసేసి, మైనం పళ్ళెంలో వీపు పైకి వచ్చేలా పెట్టి గుండుసూదులు గుచ్చండి. శరీరం మునిగేదాకా నీళ్ళు పోయండి. నీళ్ళలో లోపలి భాగాలు తేలి విడివిడిగా కనిపిస్తాయి, పొడిగా ఉంటే ఒకదానికొకటి అంటుకుపోతాయి. వీపు పలకకు, పొట్ట పలకకు మధ్య పక్కన మెత్తటి పొర ఉంటుంది. తోక వైపు నుంచి ఆ పొర వెంబడే, మొనను పైకెత్తి పట్టుకుని, రెండు పక్కలా కత్తిరించండి. తర్వాత వీపు పలకలను ఒక్కొక్కటిగా లేపుతూ, కింద అంటుకున్న కణజాలాన్ని సూదితో విడదీయండి. గుండె దొరకకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. 13 గదుల ఆ గుండె వీపు పలకల లోపలి వైపే అంటుకుని ఉంటుంది. మీరు పలకలతో పాటు దాన్నీ పారేస్తున్నారు. పలకను తిరగేసి చూడండి.

పేగును కమ్మేసే తెల్లటి ముద్ద కొవ్వు. దాన్ని పిప్పెట్‌తో నీళ్ళు చిమ్మి కడగాలి, లాగకూడదు. వెండిలా మెరిసే దారాలు గాలి నిండిన వాయునాళాలు. అవి పేగును పట్టి ఉంచుతాయి కాబట్టి ఒక్కొక్కటిగా కత్తిరించండి. జఠరిక (పేగు దారిలో ఆహారాన్ని నూరే సంచి) తర్వాత ఎనిమిది వరకు వేళ్ళలాంటి సంచులు, ఇంకా కిందికి వెళితే వందకు పైగా సన్నటి పసుపు పోగులు కనిపిస్తాయి. ఆ పోగులే వ్యర్థాలను బయటికి పంపే మాల్పీజియన్ నాళికలు. మధ్య పేగు ముగిసేది అక్కడే. నాడీదండం మాత్రం పొట్ట వైపున ఉంటుంది, పేగును పక్కకు తీశాకే దొరుకుతుంది.

ప్రశ్న: ఒళ్ళంతా తెల్లగా ఉన్న బొద్దింక కనబడింది. వేరే జాతా?

జవాబు: కాదు, అప్పుడే కుబుసం విడిచింది. కొత్త పెంకు గట్టిపడుతూ కొన్ని గంటల్లో గోధుమరంగుకు వస్తుంది. పక్కన పాత కుబుసం దొరికితే లోపల చూడండి, తెల్లటి దారాలు వేలాడుతుంటాయి. అవి వాయునాళాల లోపలి పొర. పేగు ముందు, వెనక భాగాల లోపలి పొర కూడా పెంకుతో పాటే ఊడి వస్తుంది. గాలి మరీ పొడిగా ఉంటే పాత పెంకు కాళ్ళకు అంటుకుపోయి, జీవి సగంలో ఇరుక్కుంటుంది. పెట్టెలో కీటకాలను పెంచేవాళ్ళు కుబుసం విడిచే రోజుల్లో ఒక మూల తడి దూది ఉంచి, వాటిని చేత్తో తాకకుండా వదిలేయాలి.