ఈబీ-5కి 8 లక్షల డాలర్లు ఉంటే సరిపోతుందా?

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నాను, అమ్మాయికి పదహారేళ్లు, ఉద్యోగం మీద వచ్చే ఈబీ-2 గ్రీన్ కార్డు క్యూ కదలట్లేదు, ఇండియాలో నాన్నగారి పేరున ఉన్న స్థలం అమ్మి ఈబీ-5లో, అంటే అమెరికా ప్రాజెక్టులో పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు తెచ్చుకునే దారిలో, 8 లక్షల డాలర్లు పెడితే గ్రీన్ కార్డు వచ్చేస్తుందా అని కదా మీ ప్రశ్న. నేనూ ఆ దారిలో వెళ్లినవాణ్నే. 8 లక్షలు ఉండటం వేరు, ఆ 8 లక్షలూ వైట్‌లో ఉండటం వేరు. మనవాళ్లకి అసలు చిక్కంతా అక్కడే.

మా నాన్న స్థలం అమ్మకానికి పెట్టగానే వచ్చిన మొదటి పార్టీ మంచి రేటే చెప్పాడు. "గవర్నమెంటు రేటుకి రిజిస్ట్రేషన్ చేయించుకుందాం మాస్టారూ, మిగతాది క్యాష్. మీకూ ట్యాక్స్ కలిసొస్తుంది" అన్నాడట. నాన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. కుదరదండీ, మొత్తం బ్యాంకులోనే పడాలి అన్నాను. "ఇక్కడి క్యాష్ సంగతి అమెరికావాళ్లకి ఎవరు చెప్తారు బాబూ?" అని నవ్వాడాయన. ఒకరు చెప్పేదేముంది, లెక్క తేలని డబ్బును వాళ్లు పెట్టుబడిగా ఒప్పుకోరు. ఆ బేరం పోయింది. చివరికి అంతా బ్యాంకు ద్వారా ఇస్తానన్న ఇంకొకాయనకి బాగా తక్కువకే ఇచ్చేశాం. నాన్న ఆ మొదటి రేటు సంగతి ఇప్పటికీ ఎత్తుతారు.

అంతటితో అయిందా? "ఆ స్థలం మీ నాన్నగారు ఏ డబ్బుతో కొన్నారు?" అని లాయర్ ప్రశ్న. ఈబీ-5 రూల్స్ మార్చిన 2022 చట్టం వచ్చాక గిఫ్ట్‌గా ఇచ్చినవాళ్ల డబ్బుకీ లెక్క చూపాలి. నాన్న రిటైరైన టీచర్ కాబట్టి సర్వీస్ రిజిస్టర్, పీఎఫ్ కాగితాలు ఉన్నాయి, గట్టెక్కాం. "నేను దొంగనా, నా జీతం లెక్క వాళ్లకెందుకు?" అని ఆయన చిందులు తొక్కారనుకోండి.

డబ్బు పంపడం ఇంకో తంటా. ఇండియాలో ఉన్నవాళ్లు విదేశాలకి డబ్బు పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ అనే రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2.5 లక్షల డాలర్లే. అందుకే అమ్మ, నాన్న కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో పంపాల్సి వస్తుంది. పైగా 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, వసూలు చేస్తుంది. రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఎవరిస్తారు?

హోటల్ హాల్లో సెమినార్లు పెట్టే ఏజెంట్లు ఇవేవీ చెప్పరు. "మీ డబ్బు గ్యారంటీగా వెనక్కి" అంటారు. పెట్టుబడి రిస్కులో ఉండాలన్నది ఈబీ-5లో మొదటి రూలు. పెట్టిన డబ్బు తిరిగిస్తామని రాసిచ్చారంటే మీ కేసుకే ఎసరు. 8 లక్షలు కూడా పల్లె ప్రాంతం, నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతం లాంటి చోట్లకే, మామూలు చోటైతే పదిన్నర లక్షలు. ప్రాజెక్టు వాళ్ల ఫీజు, లాయర్ ఫీజు వేరే. ఇంత చేస్తే మొదట వచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. మీ పెట్టుబడితో పది ఉద్యోగాలు వచ్చాయని చూపిస్తూ ఐ-829 అనే దరఖాస్తు వేసి, అది ఒప్పుకున్నాకే అసలు కార్డు. చుట్టాలు మాత్రం "వీడికేంటి, గ్రీన్ కార్డు కొనుక్కున్నాడు" అంటారు. కొనుక్కోవడమే అయితే ఇన్ని కాగితాలెందుకండీ!

అలాగని వద్దనను. పల్లె ప్రాంతాల ప్రాజెక్టులకి ఈబీ-5 వీసాల్లో విడిగా 20 శాతం ఉన్నాయి. అమెరికాలోనే ఉన్నవాళ్లు, వీసా నంబరు అందుబాటులో ఉంటే, ఐ-485 (అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డుకి పెట్టే దరఖాస్తు) కూడా ఈబీ-5 దరఖాస్తుతో కలిపి వేసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే వర్క్ పర్మిట్‌తో హెచ్-1బీ టెన్షన్ తగ్గుతుంది. 21 దాటితే పిల్లలు తల్లిదండ్రుల కేసులోంచి జారిపోయే ప్రమాదం ఉంది, మీ అమ్మాయికి 21 నిండకముందే పని జరగాలి కాబట్టి ప్రాజెక్టు వేట తర్వాత. ముందు నాన్నగారి చేత పాత ఐటీ రిటర్నులు, ఆ స్థలం కొన్ననాటి దస్తావేజు బయటికి తీయించండి. ఆయన పేరున రిటర్నులే లేకపోతే ఏ ఏజెంటుకీ అడ్వాన్స్ ఇవ్వకండి.